కాకి కోసం ఫుజైరాకు

షార్జాలో ఫలానా వస్తువు దొరకదని లింగవ్వ ఎన్నడూ అనలేదు. గోంగూర దొరుకుతుంది, కరివేపాకు దొరుకుతుంది, రోజులు బాగుంటే చింతచిగురు కూడా విమానమెక్కి వస్తుంది. కానీ పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస దగ్గరపడేసరికి ఆమెకు ఒక కాకి కావలసి వచ్చింది. ఆమె తిరిగే వీధుల్లో పావురాలున్నాయి, గోరింకలున్నాయి, చెత్తడబ్బాల దగ్గర బలిసిన పిల్లులున్నాయి. కాకి మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.

లింగవ్వది జగిత్యాల దిక్కు. షార్జాలో ప్రేమ అనే ఆమె ఇంట్లో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ ఉంటుంది. భర్త లచ్చన్న ఫుజైరాలో రాళ్ల క్వారీలో పనిచేసేవాడు. కరోనా వచ్చిన ఏడు జ్వరంతో అక్కడే పోయాడు. విమానాలు బందైన రోజులు. శవాన్ని ఇంటికి పంపే దారి లేక ఇక్కడే కాల్చారు. ఊళ్లో అతని తమ్ముడు అంజి ఏటా పెత్రమాస నాడు అన్న పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తాడు, ఇస్తారి వేసి కాకికి పెడతాడు. పెట్టినట్టు వదినకు ఫోన్ చేసి చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ లింగవ్వకు ఒకటే అనుమానం.

"ఆయన పోయింది ఈడ, కాలింది ఈడ. ఊళ్లె పెడ్తే ఆయనకెట్ల అందుతది మేడం? మళ్ల సముద్రం దాటి పోవాల్నా బువ్వ తినెతందుకు?"

అతను పోయాక, బిడ్డ లచ్చవ్వను ఊళ్లో వదిలి బతుకుతెరువుకు లింగవ్వ కూడా ఈ దేశమే వచ్చింది గానీ, వచ్చినప్పటి నుంచీ పెత్రమాస పనిరోజుల్లోనే పడుతోంది. ఈసారి ఆదివారం పడింది. ఈసారి తన చేతితో తానే పెట్టాలని గట్టిగా అనుకుంది. పెడితే సరిపోదు, కాకి ముట్టాలి. కాకి ముట్టిందంటే లచ్చన్న తిన్నట్టు. ముట్టలేదంటే ఇన్నేళ్లుగా ఆకలితో ఉన్న మనిషి ఇంకా ఆకలితోనే ఉన్నట్టు. ఇదీ ఆమె లెక్క.

ఈ మాట చెప్పగానే ప్రేమ ఎగిరి గంతేసింది.

ప్రేమ హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. అక్కడున్నన్నాళ్లు పరీక్షల ముందు తప్ప గుడి మెట్లెక్కలేదని ఆమే నవ్వుతూ చెబుతుంది. షార్జాకు వచ్చి ఇద్దరు పిల్లలు పుట్టాక ఆమెకు దిగులు పట్టుకుంది. వీళ్లకు మనవేవీ తెలియకుండా పోతాయేమోనని. అప్పటినుంచి ఫోన్‌లో వీడియోలు చూసి ఒక్కొక్కటే నేర్చుకుంది. శుక్రవారం పూజ, శనివారం బిల్డింగు పిల్లలందరినీ కూచోబెట్టి శ్లోకాలు. వినాయకుణ్ణి పిండితో తానే చేసి, స్నానాలగదిలో బకెట్లో నిమజ్జనం చేసింది. ఏ పని చేసినా పద్ధతిగా చేస్తుంది. లింగవ్వకు ఆమెను చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. ఊళ్లో తమకు మొక్కడం ఒక్కటే తెలుసు. ఇంత చదివి మొక్కాలని తెలియదు.

"అక్కా, నేను మొత్తం చూసి పెట్టాను," అంది ప్రేమ ఫోన్ ముందుపెట్టుకుని. "ఉల్లిగడ్డ వద్దు, ఎల్లిగడ్డ వద్దు. మినపగారెలు తప్పనిసరి. నువ్వులు, నెయ్యి, పాయసం, ముద్దపప్పు. అంతా సాత్వికంగా ఉండాలట."

"సాత్వికం అంటే ఏంది మేడం?"

"అంటే... శాంతంగా ఉండే తిండి. కారం, మసాలా, నీసు ఏవీ లేకుండా."

లచ్చన్నను శాంతమైన మనిషి అన్నవాళ్లు లోకంలో ఎవరూ లేరు. పచ్చి మిరపకాయ కొరకనిదే అతనికి ముద్ద దిగేది కాదు. అయినా లింగవ్వ తలూపింది. చదువుకున్న మనిషి, తన కోసం ఇంత శ్రద్ధగా వెతికింది. పైగా చచ్చిపోయాక మనిషి నాలుక మారుతుందేమో, ఎవరికి తెలుసు.

"అన్నీ చేద్దాం మేడం. కాకి ఎట్ల మరి?"

ప్రేమ బాల్కనీ వైపు చూపించింది. వలకు అవతల రెండు పావురాలు గుర్రుమంటున్నాయి.

"ఈసారికి పావురానికి పెడదామా? అదీ పక్షే కదా."

"అయ్యో మేడం, పావురం కాకెట్లయితది? ఆయన బతికున్నప్పుడే పావురాలంటే కోపం. ఎండవోసిన సజ్జల మీద పియ్యి పెడ్తయని రాళ్లిసిరెటోడు. గా పావురం ఒంట్లకు ఆయనెందుకొస్తడు?"

ప్రేమ పకపకా నవ్వింది. నవ్వాపుకుని మళ్లీ ఫోన్‌లో వెతికింది. కాకి లేని చోట ఏం చేయాలో ఏ వీడియోలోనూ లేదు.

చివరికి లింగవ్వ ఫకీర్ సాహెబ్‌కు ఫోన్ చేసింది. ఫకీర్ సాహెబ్‌ది కడప. క్వారీలో లచ్చన్నతో కలిసి పనిచేసినవాడు. లచ్చన్నను కాల్చిన రోజు మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడి, అంతా అయ్యాక లింగవ్వకు ఫోన్ చేసి చెప్పినవాడు. ఇప్పుడు షార్జా శివారున సజ్జాలో ఒక గోదాము నుంచి బిస్కెట్ల పెట్టెలు పికప్పులో వేసుకుని ఊరూరి కిరాణా కొట్లకు చేరుస్తుంటాడు.

"కాకులా? ఎందుకు లేవు చెల్లెమ్మా! ఫుజైరాలో ఎన్ని కావాల్నో అన్ని ఉండాయి. రేవు కాడ కొల్లలు. ఆదివారం నాకు ఆడికే లోడు. పొద్దున్నే రడీగుండు, తీసకపోతా."

"ఫుజైరానా?" అంది లింగవ్వ. లచ్చన్న ఉన్న ఊరు. ఆమె ఎన్నడూ చూడని ఊరు.

ఆదివారం తెల్లవారుజామునే ఇద్దరూ వంటింట్లో దూరారు. గారెల పిండి లింగవ్వ పట్టింది. పాయసం ప్రేమ చేసింది, చేసేటప్పుడు పిల్లలు చప్పుడు చేస్తే కసిరింది కూడా. సూపర్‌మార్కెట్లో కొన్న అరిటాకులో అన్నీ సర్ది, స్టీలు డబ్బాలో పెట్టి, గుడ్డ కట్టి ఇచ్చింది.

"అక్కా, మిట్టమధ్యాహ్నం పెట్టాలి. దక్షిణం దిక్కుకు తిరిగి పెట్టాలి. ఫోన్‌లో దిక్సూచి ఉంటది, సాహెబ్‌ను అడుగు."

"సూర్యుడున్నడు గద మేడం, దిక్కు తెల్వదా," అంటూ లింగవ్వ లిఫ్టెక్కింది.

పికప్పు ధైద్ దాటి కొండల్లోకి వెళ్లింది. ఎటు చూసినా మాడిన రొట్టె రంగు కొండలు. లింగవ్వ ఒక్కపొద్దు మీద ఉంది. ఒళ్లో డబ్బా పట్టుకుని, కాకి కనబడుతుందేమోనని అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

"సాహెబన్నా, నిజంగ ఉన్నయా? నన్ను ఉత్తగ తీస్కపోతలేవు గద?"

"అల్లా మీద ఒట్టు. మన కాకులే, మెడకాడ బూడిద రంగు. ఓడల మింద కూచోని వచ్చినాయంట మన దేశం నుంచి. వీసా లేదు, పాస్‌పోర్టు గుంజుకోను కఫీల్ లేడు, తిట్టను ముదీర్ లేడు. మనమే వెర్రోళ్లం చెల్లెమ్మా, ఏజెంటు కాళ్లు పట్టుకున్యాం."

లింగవ్వ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపుకుంది. పెత్రమాస నాడు ఇలా నవ్వవచ్చో లేదో ప్రేమను అడగడం మరిచిపోయింది.

ఫుజైరా కొట్లలో పెట్టెలు దించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సముద్రం ఒడ్డుకు వెళ్లేసరికి అక్కడున్నాయి కాకులు. దీపపు స్తంభాల మీద, గోడల మీద, ఈతచెట్ల మీద. లింగవ్వ బండి దిగి అట్లాగే నిలబడిపోయింది. "కావ్" అన్న చప్పుడు విని ఎన్నేళ్లయింది! చుట్టపు మనిషి పిలిచినట్టే ఉంది.

గోడ మీద ఆకు పరిచింది. పప్పన్నం, గారెలు, పాయసం పెట్టింది. నీళ్లు తిప్పింది. చేతులు జోడించి కళ్లు మూసుకుందో లేదో, వెనకనుంచి ఎవరో హిందీలో అరిచారు. చీపురు పట్టుకున్న బంగ్లాదేశీ మనిషి.

"మమ్నూ, మమ్నూ! ఇక్కడ తిండి వేయగూడదు. పక్షులొస్తాయి!"

"పక్షులు రావాలనే గదయ్యా మేమొచ్చింది!" అన్నాడు ఫకీర్ సాహెబ్.

ఆ మనిషి వినలేదు. అతని భయం అతనిది. సూపర్‌వైజరు చూస్తే తిట్టేది అతన్నే. లింగవ్వ గబగబా ఆకు మడిచి డబ్బాలో పెట్టుకుంది. ఫకీర్ సాహెబ్ బండిని చేపల మార్కెట్టు వెనక్కి తిప్పాడు. అక్కడ విరిగిన పడవ ఒకటి బోర్లా పడి ఉంది. పక్కనే నీడలో వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన్ను అడిగితే, "పెట్టుకోండి, పోయేటప్పుడు శుభ్రం చేసి పోండి" అన్నాడు.

లింగవ్వ మళ్లీ ఆకు పరిచింది. ఒక కాకి వచ్చి పడవ అంచు మీద వాలింది. కాకి నాలుగు అడుగులు గెంతి, గారెను ముక్కుతో పొడిచి చూసింది. తల ఇటు తిప్పి, అటు తిప్పి, గారెను పక్కకు నెట్టేసి ఎగిరిపోయింది.

ఇంకొకటి వచ్చింది. అది పాయసం దాకా కూడా రాలేదు.

"కోపం మీదున్నడు," అంది లింగవ్వ చిన్న గొంతుతో.

"నీ మింద ఆయనకు కోపమెందుకమ్మా?"

"ఏమో. ఏదో కోరిక మిగిలిపోయుంటది. మాట ఇస్తే తింటరు." ఆమె కొంగు నెత్తిన కప్పుకుని గొంతెత్తింది. "ఓ లచ్చవ్వ నాయినా! బిడ్డ నర్సు చదువు ఆపనయ్యా, చదివిస్త. వచ్చి తిను!"

కాకులు స్తంభం మీద నుంచి కదలలేదు.

"బర్రెను అమ్మను! అది నువ్వు కొన్నదే, నాకు తెల్సు. అమ్మను!"

కాకి ఒకటి రెక్క కింద గోక్కుంది.

"నీ తమ్ముడు అంజితోని పొలం గట్టు కాడ కొట్లాడ! వాడెంత జరుపుకుంటే అంత జరుపుకోనియ్యి!"

"అది మాత్రం నిజంగా అంటాండావా?" అన్నాడు ఫకీర్ సాహెబ్.

"నోరు మూస్కో సాహెబన్నా."

"నన్ను గూడా ఒకటి చెప్పమంటావా? లచ్చన్నా! నేను బీడీలు మానేస్తా, తినబ్బా!"

"మానేస్తవా?"

"యాడ మానేది. ఊరికే అని చూద్దామని."

"సచ్చినోనికి అబద్ధం చెప్తవా!" అని లింగవ్వ చెయ్యెత్తింది గానీ, ఎత్తిన చెయ్యి కళ్లు తుడుచుకోవడానికి వెళ్లింది. పొద్దు నెత్తి మీది నుంచి జరుగుతోంది. ఇంత దూరం వచ్చి, అతను తిరిగిన ఊరికే వచ్చి, అతని ముఖం చూడకుండానే పోతున్నట్టు ఉంది ఆమెకు.

అప్పుడే స్తంభం మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. లింగవ్వ ఆశగా తలెత్తింది. అవి ఆమె మీదుగా పోయి, మార్కెట్టు వెనక గుమ్మం దగ్గర వాలాయి. అక్కడ ఒక కుర్చీ మీద కూర్చుని మలయాళీ ఒకతను చేపలు కోస్తున్నాడు. తోకలు, పేగులు బకెట్లో వేస్తుంటే కాకులు బకెట్టుకే తలలు దూర్చి కొట్లాడుకుంటున్నాయి.

"చూడు, ఎట్ల తింటాండాయో," అన్నాడు ఫకీర్ సాహెబ్. "చెల్లెమ్మా, నేను మీ దేవుళ్ల సంగతి మాట్లాడకూడదు. కానీ ఒకటి చెప్తాండా. సెలవురోజు పొద్దున్నే లచ్చన్న నన్ను నిద్ర లేపి ఈడికే లాక్కొచ్చేటోడు. షేరీ చేప కొనుక్కుని, కారం దట్టంగా పట్టించి, ఈ పక్క కొట్లోనే వేయించేటోడు. ఇదో, ఈ పడవ కాడే కూచోని తినేటోళ్లం. ఆయన గారెలు తినంగా నేనెప్పుడూ సూడలే."

లింగవ్వ చాలాసేపు ఆ బకెట్టు వైపే చూసింది. తర్వాత ప్రేమకు ఫోన్ చేసింది.

"అక్కా! ముట్టిందా?" అంది ప్రేమ, మోగీ మోగకముందే.

"ముడ్తలేదు మేడం. ఒకటి అడుగుతా, ఏమనుకోకు. నీసు పెట్టొచ్చా?"

"వీడియోలో అయితే వద్దంటున్నారక్కా. చాలా గట్టిగా చెప్పారు." అంది ప్రేమ, అంతలోనే అడిగింది. "అవునూ, మీ ఇంట్లో ఏం పెట్టేవాళ్లు? మీ అత్తమ్మ ఏం పెట్టేది?"

ఇన్ని రోజుల్లో ఈ ముక్క ఎవరూ అడగలేదు. లింగవ్వ కూడా తనను తాను అడిగి చూసుకోలేదు.

"మా అత్తనా... మా అత్త చెరువు చేపల పులుసు పెట్టేది మేడం. మటన్ దొరికితే మటన్. నేల మీద కల్లు సాక పోసేది. గారెలు గూడ చేసేది, కని ముందుగల కూర పెట్టాలె. 'మా మామ తిననిది నేనెట్ల పెడ్తనే' అనేటిది. అయ్యగారికి బియ్యం ఇచ్చుడు వేరే, ఇంట్ల పెద్దలకు పెట్టుడు వేరే."

"మరి అదే కదా మీ పద్ధతి! నన్నెందుకు అడుగుతున్నావక్కా?"

"మీకు తెల్సు గద మేడం."

"నాకు ఫోన్‌లో ఉన్నదే తెలుసు," అంది ప్రేమ. ఆ మాట ఆమెకే కొత్తగా వినబడినట్టుంది. "మా నాయనమ్మ ఏం పెట్టేదో నాకు నిజంగా తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆగు, మా అమ్మకు ఫోన్ చేస్తా. నువ్వు కానివ్వు అక్కా, పొద్దు పోతది!"

లింగవ్వ కొంగు నడుముకు దోపింది. షేరీ చేపను తానే ఏరి తీసింది, మొప్ప ఎత్తి చూసి మరీ. కొట్లో వేయించే మనిషి మసాలా పూస్తుంటే పక్కన నిలబడి, "ఇంక కారం" అంది. అతను ఇంకాస్త వేశాడు. "ఇంక" అంది. "చాలు అమ్మా, మంట!" అన్నాడతను చేతులతో చూపిస్తూ. లింగవ్వ అతని చేతిలోని డబ్బా తీసుకుని గుప్పెడు కుమ్మరించింది. ఆ మనిషి నూనెలో చేప వేసి, ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు.

"సాక ఎట్ల మరి? కల్లు ఈడ దొరకదు గద."

"దొరికినా దాని పేరెత్తొద్దు తల్లీ, మనల్ని ఇండియాకు పంపేస్తారు," అని ఫకీర్ సాహెబ్ కొట్టు ఫ్రిజ్‌లోంచి లబన్ సీసా తీసుకొచ్చాడు. "మజ్జిగే. తెల్లగుండాది, పుల్లగుండాది, నురుగు గూడా వస్తాది. సర్దుకుంటాడులే."

లింగవ్వ సీసా మూత తీసి వాసన చూసింది. "జర తాటికల్లు లెక్కనే ఉంది," అని ఒప్పుకుంది.

పడవ మీద ఆకు మధ్యలో పొగలు కక్కుతున్న చేప పెట్టింది. గారెలను పక్కకు జరిపింది. లబన్ ధారగా నేల మీద పోసింది. ఈసారి మాట ఇవ్వలేదు, బతిమాలలేదు. అత్త పిలిచినట్టు పిలిచింది. మామ పేరు, అత్త పేరు, చివర లచ్చన్న పేరు.

"రారి. మీ ఇంటి కూరనే పెట్టిన. కారం తక్కువైందని అన్నవో, మళ్ల పెట్ట."

ఆమె పూర్తిగా వెనక్కి తగ్గకముందే ఒకటి దిగింది. పెద్ద కాకి. ఒక కాలు కొంచెం ఎగరేసి నడుస్తోంది. తిన్నగా చేప దగ్గరికి వెళ్లి, పెద్ద ముక్క చీల్చి, అక్కడే కూర్చుని మింగింది. ఇంకో ముక్క చీల్చింది. దాని వెనక రెండు వచ్చాయి, వాటి వెనక ఎన్ని వచ్చాయో లెక్కే లేదు. ఆకు చిరిగిపోయింది. లబన్ మడుగులో ఒకటి ముక్కు ముంచి తల విదిలించింది.

"తిన్నడు," అంది లింగవ్వ. "సాహెబన్నా, తిన్నడు! చూసినవా, ముందుగల కండ దిన్నడు, ముల్లు ఇడిసిపెట్టిండు. బతికున్నప్పుడు గూడ గిట్లనే!"

ఫకీర్ సాహెబ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "చూసినా చెల్లెమ్మా," అన్నాడు.

కాకులు తినగా మిగిలిన ముళ్లూ ఆకూ ఏరి, నీళ్లతో పడవ కడిగి, ముసలాయనకు నాలుగు గారెలిచ్చారు. తర్వాత ఇంకో షేరీ చేప వేయించుకుని పడవ నీడలో కూర్చున్నారు. అంత కారం ఫకీర్ సాహెబ్‌కు పట్టలేదు. ముక్కు తుడుచుకుంటూ, "ఇది తినే పోయినాడేమో మహానుభావుడు" అన్నాడు. లింగవ్వ పడీ పడీ నవ్వింది. ఈసారి నవ్వవచ్చో లేదో ఎవరినీ అడగాలనిపించలేదు. సముద్రం మీద ఓడలు నూనె పోయించుకోవడానికి వరసగా నిలబడి ఉన్నాయి. లచ్చన్న ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పిన ఓడలు. ఇన్నాళ్లకు ఆమె వాటిని తీరిగ్గా చూసింది.

తిరుగు దారిలో కొండల మధ్య ఫోన్ మోగింది. ప్రేమ. గొంతులో నవ్వు ఆగడం లేదు.

"అక్కా, తిన్నాడా అన్న?"

"తిన్నడు మేడం! కడుపునిండ తిన్నడు!"

"అబ్బ, సంతోషం! ఇది విను. మా అమ్మను అడిగాను. మా నాయనమ్మ పెత్రమాస నాడు తాతయ్యకు చింతపండు పులిహోర పెట్టి, పక్కన చుట్ట పెట్టేదట! చుట్ట అక్కా! పొగ తాగే చుట్ట! వెలిగించి మరీ పెట్టేదట! ఏ వీడియోలోనైనా చెప్పారా ఇది?"

"చుట్ట లేకుంటే మీ తాత ముట్టడు మరి," అంది లింగవ్వ చాలా తెలిసినదానిలా.

"అదే! పిల్లలకు ఇప్పుడే చెప్పాను. వాళ్లు ఒకటే గోల, ఇవాళే పెడదాం అని. పులిహోర కలిపేశాను. కానీ షార్జాలో ఇప్పుడు చుట్ట ఎక్కడ దొరుకుతుంది?"

లింగవ్వ ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, స్టీరింగ్ పట్టుకున్న మనిషి వైపు తిరిగింది.

"సాహెబన్నా, చుట్ట యాడ దొరుకుతది?"

"దుబాయి డేరాలో దొరకందేముండాది!" అన్నాడు ఫకీర్ సాహెబ్, గేరు మారుస్తూ. "రెండు కొందాం. మేడం వాళ్ల తాతకొకటి, నాకొకటి. బీడీలు మానేస్తానని లచ్చన్నకు మాటిచ్చినా గదా."